మూడో చరణం ఎక్కడికి పోయింది?



ఈ పూట నేను హిప్-హాప్ గురించి మాట్లాడబోతున్నాను. ఆ పేరు చెప్పగానే చాలామందికి మెడలో బంగారు గొలుసులు, ఖరీదైన కార్లు, చెవులు మూసుకోవాల్సిన బూతులు గుర్తొస్తాయి. టీవీలోనూ ఫోన్లోనూ కనిపించేది ఎక్కువగా అదే కాబట్టి అలా అనుకునేవాళ్ళను తప్పుపట్టను. నాకు మాత్రం ఆ పేరు వినగానే ఒక గది గుర్తొస్తుంది. నేనెన్నడూ అడుగుపెట్టని గది.

న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం. అక్కడ సెడ్జ్‌విక్ ఎవెన్యూలో 1520 నంబరు అపార్ట్‌మెంట్ భవనం. 1973 ఆగస్టు 11న ఆ భవనంలో అందరూ వాడుకునే కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడులు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డబ్బులు కూడబెట్టాలని ఆమె ఆలోచన. ఆడపిల్లలకు టికెట్ 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. అతనికి అప్పుడు 18 ఏళ్ళు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చినవాడు. లోకం అతన్ని కూల్ హెర్క్ అని పిలుస్తుంది.

హెర్క్ ఒక సంగతి కనిపెట్టాడు. జేమ్స్ బ్రౌన్ పాట మోగుతుంటే జనం ఆడుతూనే ఉంటారు. కానీ గొంతు ఆగిపోయి, మిగతా వాద్యాలన్నీ తప్పుకుని, డ్రమ్ములు మాత్రం మిగిలే కొన్ని క్షణాలు వస్తాయే, అప్పుడు ఆ కుర్రాళ్ళ ఒళ్ళు మారిపోతుంది. ఆ క్షణాల కోసమే వాళ్ళు కాచుకుని ఉన్నారని అతనికి అర్థమైంది. ఆ ముక్కను బ్రేక్ అంటారు. ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి, పక్కపక్కన రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అదే బ్రేక్ మొదలుపెట్టే పద్ధతిని అతను తయారుచేశాడు. కొన్ని సెకన్ల ముక్క నిమిషాల పొడుగు సాగింది. దాని మీద మైకు పట్టుకుని స్నేహితుల పేర్లు పిలవడం, హుషారు మాటలు విసరడం తర్వాత వచ్చాయి. ర్యాప్ అంటే మాటలేనని అనుకుంటాం గానీ, ఆ హాల్లో ముందు పనిచేసింది ఒక కుర్రాడి చెవి, కన్ను. ఎదుటివాళ్ళకు ఏం కావాలో అతను గమనించాడు.

ఆ రోజుల్లో బ్రాంక్స్ ఎలా ఉండేదో కూడా చెప్పాలి. రాబర్ట్ మోజెస్ అనే అధికారి హయాంలో వేసిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే ఆ ప్రాంతాన్ని మధ్యకు చీల్చేసింది. దారిలో ఉన్న వేలమంది ఇళ్ళు పోయాయి. ఉన్న ఉద్యోగాలు తరలిపోయాయి. 1970లలో దక్షిణ బ్రాంక్స్‌లో వీధులకు వీధులే తగలబడ్డాయి. అద్దెలు రాని భవనాలను బీమా డబ్బు కోసం తగలబెట్టించిన యజమానులూ ఉన్నారు. అలాంటి చోట వాద్యం కొనే స్తోమత లేని పిల్లలు ఇంట్లో నాన్న దాచుకున్న రికార్డుల్నే వాద్యాలు చేసుకున్నారు. హిప్-హాప్‌ను నేను ప్రేమించడానికి మొదటి కారణం ఇదే.

నా తరం తెలుగువాళ్ళలో చాలామంది ర్యాప్ అన్నదాన్ని మొదట విన్నది 1994లో, ‘ప్రేమికుడు’ సినిమాలో రెహమాన్ చేసిన ‘పేట ర్యాప్’ తో. నాకు ఆ పాట ఒక తలుపు తెరిచింది. ఆ తలుపు అవతలికి తీసుకుపోయినవాడు మా కాలేజీ మిత్రుడి అన్నయ్య. అమెరికా నుంచి సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసు నిండా క్యాసెట్లు తెచ్చేవాడు. మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ ఆ డ్రమ్ముల వెనక ఎక్కడో పాత పియానో ముక్క, గీతలు పడ్డ రికార్డు చిటపట, ఎవరో గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించేవి. ఇదెవరిది, ఎక్కణ్ణుంచి తెచ్చారు అని క్యాసెట్ అట్ట మీది సన్నని అక్షరాలు వెతికేవాణ్ణి. జేమ్స్ బ్రౌన్, కర్టిస్ మేఫీల్డ్, రాయ్ ఏయర్స్, అహ్మద్ జమాల్ నాకు పరిచయమైంది అలాగే. ఇరవయ్యేళ్ళ ర్యాపర్ తన తండ్రి తరం జాజ్ కళాకారుణ్ణి మా ఊరి కుర్రాడికి పరిచయం చేశాడు. ఇలాంటి మర్యాద ఇంకే సంగీతం చేసిందో నాకు తెలియదు.

ఆ పని వెనక ఎంత శ్రద్ధ ఉందో చెబుతాను. 1987లో ఎస్‌పీ-1200 అనే యంత్రం వచ్చింది. పాత రికార్డు నుంచి ఒక ముక్క, అంటే శాంపిల్, అందులోకి ఎక్కించి మళ్ళీ తిప్పి తిప్పి వాడుకోవచ్చు. అయితే అందులో పట్టే శబ్దం మొత్తం కలిపి 10 సెకన్లు. అంతే! దాంతో కుర్రాళ్ళు ఒక ఉపాయం పన్నారు. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించేవారు. తక్కువ జాగాలో ఎక్కువ పట్టేది. తర్వాత యంత్రంలో దాన్ని మళ్ళీ నెమ్మది చేసేవారు. అలా చేసినప్పుడు శబ్దం కాస్త గరుకు తేలేది. 1980ల చివరి రికార్డుల్లో మనం మురిసిపోయే ఆ గరుకుదనం ఇరుకులోంచి వచ్చింది. ఆ 10 సెకన్లలో ఏం పెట్టాలో తేల్చుకోవడానికి వాళ్ళు వందల రికార్డులు వినేవారు.

ఇక మాట సంగతి. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరుతో ‘ద మెసేజ్’ వచ్చింది. అంతవరకూ పార్టీ పాటగా ఉన్న ర్యాప్ ఆ పాటతో వీధి వైపు తిరిగి చూసింది. దాని చివరి చరణంలో పేటలో పుట్టిన ఒక పిల్లవాడి బతుకు పుట్టుక నుంచి జైలు గదిలో చావు దాకా నడుస్తుంది. 1987లో రకీం వచ్చాడు. కుర్రతనంలో శాక్సఫోన్ వాయించినవాడు, జాన్ కోల్ట్రేన్‌ను ఆరాధించినవాడు. అంత్యప్రాస దగ్గర ఆగిపోయే ర్యాప్‌ను పాదం లోపలికి తీసుకెళ్ళి, ప్రాస మీద ప్రాస పేర్చి, తాళానికి కాస్త వెనకా ముందూ నడిపించాడు. మన ఛందస్సు రుచి తెలిసినవాళ్ళు ఒకసారి రకీంను వింటే ఎక్కడ ఆనందించాలో చెప్పక్కర్లేదు.

ఆపైన 1994 ఏప్రిల్ 19. నాస్ మొదటి ఆల్బమ్ ‘ఇల్మాటిక్’. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు. పది ట్రాకులు, 40 నిమిషాలు. అందులో ఒక పాట చాలావరకు జైల్లో ఉన్న స్నేహితులకు రాసిన ఉత్తరాలుగా సాగుతుంది. నీ కొడుకు ఎలా ఉన్నాడు, పేటలో ఎవరు ఎవరితో చెడ్డారు, మీ అమ్మ ఎలా ఉంది, ఇవీ ఆ ఉత్తరంలోని కబుర్లు. తాను గొప్పవాణ్ణని చాటుకోవడానికి నాస్‌కు మిగతా పాటలున్నాయి. ఈ పాటలో మాత్రం అతను కటకటాల వెనక ఉన్నవాడి కోసం పేట అంతా తిరిగి చూసి వచ్చాడు. ఇంకో పాట చివర కార్నెట్ వినిపిస్తుంది. వాయించింది నాస్ తండ్రి, జాజ్ కళాకారుడు ఓలు డారా. కొడుకు మాట ముగియగానే తండ్రి ఊదడం మొదలుపెడతాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విన్నా అక్కడికి వచ్చేసరికి చేతిలో పని ఆపేస్తాను.

అప్పట్లో ఇది గుంపు కళ. పబ్లిక్ ఎనిమీ బృందంలో చక్ డీ గంభీరంగా కథ నడుపుతుంటే ఫ్లేవర్ ఫ్లేవ్ పక్కనుంచి ఎగదోస్తుంటాడు. మన బుర్రకథలో కథకుడికి వంతలు ఉన్నట్టే. వూ-టాంగ్ క్లాన్‌లో తొమ్మిదిమంది. వెనక డీజే ఉండేవాడు. మన ఊరేగింపుల్లో గుండెలదిరే డీజే పెట్టెలు తలుచుకోకండి, నేను చెబుతున్నది రికార్డు మీద వేళ్ళు ఆనించి ముందుకూ వెనక్కూ నడిపే వాద్యకారుడి గురించి. ఒకడి మాటను ఇంకొకడు అందుకోవాలంటే ముందువాడు ఏం చెప్పాడో వినాలి. నేను ప్రేమించిన హిప్-హాప్‌కు ఆధారం అదే, పక్కవాణ్ణి వినడం.

పాతదంతా బంగారమని చెప్పడానికి నేను రాలేదు. ఆ పాటల్లోనూ ఆడవాళ్ళ గురించి వినలేని మాటలున్నాయి. నేను ఎంతో ఇష్టపడే ఆల్బమ్‌లలో కొన్నిటిని మా అమ్మాయి కారులో ఉన్నప్పుడు పెట్టలేను. క్వీన్ లతీఫా, ఎంసీ లైట్ వంటి స్త్రీలు ఆ రోజుల్లోనే ఆ మాటలకు పాటల్లో జవాబు చెప్పారు, అయినా అవి ఆగలేదు. 1996 సెప్టెంబరులో టుపాక్ షకూర్, 1997 మార్చిలో నొటోరియస్ బి.ఐ.జి. తుపాకీ గుళ్ళకు పోయారు. ఒకరికి 25 ఏళ్ళు, ఒకరికి 24. ఆ హత్యలు హిప్-హాప్‌కు గుణపాఠం అవుతాయని అప్పుడు మేమంతా నమ్మాం.

శాంపిల్ కళకు దెబ్బ తగిలింది కోర్టులో. బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓసల్లివన్ పాటలోని ముక్కను వాడుకున్నందుకు వేసిన దావాలో 1991 డిసెంబరులో తీర్పు వచ్చింది. దొంగతనం చేయరాదన్న బైబిలు ఆజ్ఞతో న్యాయమూర్తి ఆ తీర్పు మొదలుపెట్టారు. సొంతదారుకు డబ్బు ముట్టాలి, అందులో న్యాయముంది. కానీ ఆ తర్వాత ఒక పాటలో పదీ ఇరవై శాంపిళ్ళు కుట్టే పని సంపన్నులకు తప్ప సాధ్యం కాకుండా పోయింది. డి లా సోల్ బృందం 1989లో చేసిన మొదటి ఆల్బమ్ అలాంటి కుట్టుపనికి పరాకాష్ఠ. ఆ అనుమతుల చిక్కుల వల్లే వాళ్ళ తొలినాళ్ళ ఆల్బమ్‌లు ఏళ్ళ తరబడి స్ట్రీమింగ్‌లో దొరకలేదు. చివరికి 2023 మార్చి 3న వచ్చాయి. ఆ బృందంలోని డేవిడ్ జోలికర్ అంతకు దాదాపు మూడు వారాల ముందే, ఫిబ్రవరి 12న కన్నుమూశారు. ఆ ఆల్బమ్‌లు మళ్ళీ జనం చెవిన పడటం ఆయన చూడలేదు.

ఇప్పుడు నా నిరాశ సంగతి.

గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ వచ్చి చెడగొట్టిందనేవాళ్ళతో నేను ఏకీభవించను. అది 1997లో వచ్చింది. తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూగర్భంలో చమురు జాడ పట్టే శబ్ద తరంగాల లెక్కల్లో నిపుణుడు. దాన్ని ర్యాప్‌లో ఊరూరా మోగించిన టీ-పెయిన్, 2014లో అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ కోసం ఏ యంత్రమూ లేకుండా పాడితే జనం నోరెళ్ళబెట్టారు. అంత చక్కని గొంతు. అట్లాంటా కుర్రాళ్ళు తెచ్చిన ట్రాప్ సంగీతం మీదా నాకు కోపం లేదు. రోలాండ్ 808 డ్రమ్ యంత్రం నుంచి వచ్చే ఆ లోతైన దెబ్బ నాకూ ఇష్టమే. పరికరాలు ఎప్పుడూ మారుతూనే వచ్చాయి.

నా బాధ మూడో చరణం గురించి.

కథ చెప్పే ర్యాప్ పాటను ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి చరణంలో మనిషి పరిచయమవుతాడు. రెండో చరణంలో చిక్కులో పడతాడు. ఆ చిక్కు అతన్ని ఏం చేసిందో, అతని తల్లికీ తమ్ముడికీ ఏమైందో మూడో చరణంలో తెలుస్తుంది. పాట మనసులో దిగబడేది అక్కడే. ఇవాళ పేరుమోసిన పాటల్లో ఆ మూడో చరణం దాదాపు మాయమైంది. రెండో చరణం కూడా సగానికి తెగి, పల్లవి మళ్ళీ వచ్చి, రెండు నిమిషాల పైచిలుకులో పాట అయిపోతుంది. మన సినిమా పాటలోనూ మూడు చరణాలు అరుదైపోయాయి కాబట్టి ఈ లోటు మీకు కొత్త కాదు. అయితే ర్యాప్‌కు రాగం ఆసరా తక్కువ. చరణం తీసేస్తే దానికి మిగిలేది తక్కువ.

ఇది కళాకారుల సోమరితనం వల్ల జరిగిందని నేననుకోను. డబ్బు లెక్క మారింది. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు మోగితే ఒకసారి విన్నట్టు లెక్క. పాట రెండు నిమిషాలున్నా ఆరు నిమిషాలున్నా ఆ లెక్క ఒకటే. 2014 డిసెంబరు నుంచి అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో బిల్‌బోర్డ్ పత్రిక స్ట్రీమింగ్‌నూ కలపడం మొదలుపెట్టింది. అప్పుడు 1,500 సార్లు పాటలు మోగితే ఒక ఆల్బమ్ అమ్మినట్టు. ఈ రెండూ కలిసేసరికి పాట పొట్టిదైంది, ఆల్బమ్ పొడుగైంది. 2018లో మిగోస్ బృందం ‘కల్చర్ 2’ లో 24 పాటలు, ర్యాపర్ డ్రేక్ ‘స్కార్పియన్’ లో 25 పాటలు. టుపాక్ కూడా 1996లో 27 పాటల ఆల్బమ్ చేశాడు కదా అని మీరు అడగవచ్చు. చేశాడు, జైలు నుంచి బయటికి వచ్చినవాడి ఆవేశం ఆ రెండు డిస్కుల్లో పట్టలేదు. ఈ 25 పాటల్లో నాకు ఎక్కువగా లెక్క వినిపిస్తుంది.

బీటు, మాటా కూడా విడిపోయాయి. 2019లో ‘ఓల్డ్ టౌన్ రోడ్’ అనే పాట బిల్‌బోర్డ్‌లో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ బీటు చేసింది నెదర్లాండ్స్‌లో ఉన్న యంగ్‌కియో అనే కుర్రాడు. దాన్ని ఇంటర్నెట్‌లో 30 డాలర్లకు కొని మాట కట్టింది అమెరికాలో ఉన్న లిల్ నాస్ ఎక్స్. పాట పుట్టేనాటికి ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. డబ్బు లేని కుర్రాడికి ఇది గొప్ప అవకాశం, అది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆ పాట సరదాగానూ ఉంటుంది. కానీ ఒకే గదిలో కూర్చుని, ఈ డ్రమ్ము బాగాలేదు, ఆ మాట మళ్ళీ చెప్పు అని ఒకడు ఇంకొకణ్ణి సరిదిద్దే పని ఇలాంటి పద్ధతిలో జరగదు. ఇవాళ్టి చాలా ర్యాప్‌లో నాకు ఒంటరితనం వినిపించడానికి అదొక కారణం. ఎవరూ ఎగదోసే వంత లేదు, అడ్డుపడే డీజే లేడు. నేను, నా డబ్బు, నా శత్రువులు, నా మాత్రలు.

మాత్రలన్న మాట ఊరికే అనలేదు. ర్యాపర్ జూస్ వరల్డ్ 2019 డిసెంబరులో 21 ఏళ్ళకు మత్తుమందులకు బలయ్యాడు. పాప్ స్మోక్‌ను 2020 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక అద్దె ఇంట్లో కాల్చి చంపారు, 20 ఏళ్ళు. మిగోస్‌లోని టేకాఫ్ 2022 నవంబరులో హ్యూస్టన్‌లో, 28 ఏళ్ళు. అంతకుముందు 2019 మార్చిలో నిప్సీ హసిల్. అతను పెరిగిన పేటలోనే దుకాణం పెట్టి, ఆ పేట పిల్లలకు పని చూపించాలని తాపత్రయపడ్డవాడు. ఆ దుకాణం ముందే చంపారు. 2020 జూలైలో ఒక వారం తేడాతో పాప్ స్మోక్, జూస్ వరల్డ్ పేర్లతో కొత్త ఆల్బమ్‌లు వచ్చాయి, రెండూ మొదటి స్థానానికి చేరాయి. వాళ్ళు వదిలివెళ్ళిన ముక్కలకు ఇతరుల గొంతులు అతికించి పూర్తిచేసినవి అవి. పని పూర్తయిందో లేదో చెప్పాల్సిన కుర్రాడు లేడు. ఆ పాటలు వింటుంటే నాకు సంగీతం వినబడదు, అమ్మకం వినబడుతుంది. ఇంకో వైపు చనిపోయిన శత్రువు పేరు పెట్టి ఎగతాళి చేసే పాటలు వస్తున్నాయి. అవతలివాళ్ళ ప్రతీకారమూ పాటై వస్తుంది. ప్రాసిక్యూటర్లు అవే పాటల్ని కోర్టులో సాక్ష్యంగా చూపిస్తున్నారు. కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి దానికి కొన్ని హద్దులు పెట్టింది.

ఇప్పుడున్నవాళ్ళలో నేను అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది కెండ్రిక్ లమార్ మీద. 2012లో ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ ఆల్బమ్‌లో అతను 12 నిమిషాల పాట ఒకటి చేశాడు. మొదట మాట్లాడేది సోదరుణ్ణి పోగొట్టుకున్న స్నేహితుడు. నేను చచ్చిపోతే నా గురించి పాడు అని అడుగుతాడు. మాట పూర్తికాకముందే తుపాకీ మోగుతుంది, గొంతు ఆగిపోతుంది. తర్వాత మాట్లాడేది ఒక యువతి. మా అక్క కథను పాటలో ఎందుకు పెట్టావని కెండ్రిక్‌నే నిలదీస్తుంది. ఆమె గొంతు క్రమంగా సన్నగిల్లిపోతుంది. మూడో చరణంలో గానీ కెండ్రిక్ తన గొంతుతో మాట్లాడడు. అన్నేళ్ళ హిప్-హాప్ ఆ 12 నిమిషాల్లో ఉంది. 2018లో అతనికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకుముందు సంగీతంలో ఆ బహుమతి శాస్త్రీయ సంగీతం, జాజ్ దాటి బయటికి రాలేదు. ఆ రోజు నేను ఇంట్లో పాయసం చేయించాను.

అలాంటి మనిషి లోకమంతటికీ చేరింది మాత్రం 2024లో, డ్రేక్‌ను తిట్టిన పాటతో. బీటు అదిరిపోయింది, పద్యం కట్టిన తీరు పదునుగా ఉంది. ర్యాప్‌లో వాదులాట మొదటినుంచీ ఉన్నదే. మరుసటి ఏడు దానికి అయిదు గ్రామీలు వచ్చాయి, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో మైదానం మొత్తం గొంతు కలిపింది. నాకు బాధ కలిగించింది ఆ పాట కాదు. ఆ 12 నిమిషాల పాట ఎక్కడా వినిపించదు, ఇది మాత్రం పెళ్ళిళ్ళలో కూడా మోగుతుంది.

మరి ఇక వదిలేశావా అని అడుగుతారు మిత్రులు. వదల్లేదు, వదలను కూడా. కా అనే పేరుతో ర్యాప్ చేసిన ఒకాయన గురించి చెబుతాను. న్యూయార్క్‌లోని బ్రౌన్స్‌విల్ పేటవాడు. నగర అగ్నిమాపక దళంలో కెప్టెన్. పగలు మంటలార్పే ఉద్యోగం, మిగతా వేళల్లో పాట. బీట్లు కూడా చాలావరకు తానే చేసుకునేవాడు, ఎన్నోచోట్ల డ్రమ్ములే ఉండవు. గొంతు ఎత్తడు. చిన్నప్పుడు పేటలో చూసిన చావుల్ని, చేసిన తప్పుల్ని ఒకసారి చదరంగం ఆటతో, ఒకసారి సమురాయ్ ధర్మంతో, ఒకసారి గ్రీకు పురాణాలతో కలిపి చెప్పాడు. కొత్త ఆల్బమ్ చేసినప్పుడు న్యూయార్క్ వీధిలో తానే నిలబడి అమ్మేవాడు, కొన్నవాళ్ళతో ముఖాముఖి మాట్లాడేవాడు. 2016లో అక్కడి పత్రిక ఒకటి అతని పాటలు పోలీసులకు వ్యతిరేకమంటూ మొదటి పేజీలో రచ్చ చేసింది. అతను ఉద్యోగమూ మానలేదు, పాటా మానలేదు. 2024 అక్టోబరులో 52 ఏళ్ళకు పోయాడు. అంతకు రెండు నెలల ముందే చివరి ఆల్బమ్ ఇచ్చాడు. అందులో పాత చర్చి పాటల శాంపిళ్ళ మీద, తన జనానికి ఆ మతం ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది అని ప్రశ్నించాడు. స్ట్రీమింగ్ లెక్కలు, 30 సెకన్లు అతన్ని ఏమీ చేయలేకపోయాయి. ప్రతి పాటా తనకు కావలసినంత సేపు నడిచింది.

అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. నార్త్ కరొలైనాకు చెందిన రాప్సొడీ 2019లో ‘ఈవ్’ ఆల్బమ్ చేస్తే, అందులో ప్రతి పాటకూ ఒక నల్లజాతి స్త్రీ పేరు పెట్టింది. లండన్‌లో లిటిల్ సిమ్జ్ ఉంది, న్యూయార్క్‌లో బిల్లీ వుడ్స్ ఉన్నాడు. వీళ్ళను ఫోన్ తనంతట తాను మీకు వినిపించదు. పేరు రాసుకుని వెతుక్కోవాలి, ఒకప్పుడు నేను క్యాసెట్ అట్టలు వెతికినట్టు.

హైదరాబాదులో, విశాఖలో ఇప్పుడు తెలుగులో ర్యాప్ చేస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడూ తమ పాటలు నాకు వినిపిస్తుంటారు. వాళ్ళ ప్రాసకు, వేగానికి నేను ముచ్చటపడతాను. ఆ తర్వాత ఒకే ప్రశ్న అడుగుతాను, మీ వీధిలో ఇంకెవరున్నారు అని. మొన్న ఒక కుర్రాడు కాసేపు ఆలోచించి, వాళ్ళ నాన్నతో పాటు రాత్రిపూట సెక్యూరిటీ గార్డుగా పనిచేసే శ్రీకాకుళం పెద్దాయన గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పదినిమిషాలు ఆపకుండా చెప్పాడు. అదే పాటగా రాయమన్నాను. రెండు చరణాలు వచ్చాయి, మూడోది రాస్తున్నాడు.

మీలో ఎవరికైనా వినాలనిపిస్తే ముందు ‘ఇల్మాటిక్’ తో మొదలుపెట్టండి. మాటలు కాగితం మీద పెట్టుకుని వినండి, మొదటిసారికి సగమే అందుతుంది. ఆ తర్వాత కెండ్రిక్ 2012 ఆల్బమ్. అక్కణ్ణుంచి కా దగ్గరికి వెళ్ళండి, ‘డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్’ తో మొదలుపెట్టండి. అరగంట పైచిలుకే, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.